బెంగుళూరు రోడ్డు మీద మా చరిత్ర

ముస్లింల చరిత్ర అనగానే అందరికీ కోటలు, సుల్తానులు, నవాబులు గుర్తుకొస్తారు. పొగిడేవాళ్లు వాళ్లనే పొగుడుతారు. తిట్టేవాళ్లు వాళ్లనే తిడతారు. కానీ పొగడ్త వాళ్ల సమాధుల దగ్గరే ఆగిపోతుంది, తిట్టు మాత్రం మా ఇంటిదాకా నడిచొస్తుంది. గోల్కొండ వజ్రాల్లో మాకెవరూ వాటా పంచలేదు. ఎప్పుడో ఏ సుల్తానో కూల్చిన గుడికి మాత్రం సంజాయిషీ మమ్మల్ని అడుగుతారు. నవాబుల ఆస్తి మాకు రాలేదు గానీ వాళ్ల మీదున్న కేసులన్నీ మా పేరు మీదికి బదిలీ అయ్యాయి.

ఈ బదిలీ ఎంత అన్యాయమైందో తెలియాలంటే పెద్ద గ్రంథాలు అక్కర్లేదు. ఒక్క రోడ్డు చూస్తే చాలు. హైదరాబాద్ నుంచి కర్నూలు, అనంతపురం మీదుగా బెంగుళూరు, అక్కణ్నుంచి శ్రీరంగపట్నం. సుమారు 700 కిలోమీటర్లు. బెంగుళూరు దాకా ఉన్న ముక్క ఒకప్పుడు ఏడో నెంబరు జాతీయ రహదారి. 2010లో నెంబర్లు మార్చినప్పుడు శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నెంబరు రోడ్డులో కలిసింది. ఈ దారిన బస్సుల్లో, లారీల్లో చాలాసార్లు పోయాను. ఈసారి నేనూ, మా ఆవిడా, మా చెల్లెలూ, ఇంటర్ చదువుతున్న చెల్లెలి కూతురూ కలిసి కారులో వెళ్లాం. ఆగాలనిపించిన చోటల్లా ఆగుతూ వెళ్లాం. ఆ ఆగిన చోట్ల సంగతులే ఇవి.

పాతబస్తీ నుంచి బయలుదేరి బహదూర్‌పురా దాటుతుంటే కుడిపక్కన జూపార్కు, దాన్ని ఆనుకుని మీర్ ఆలం చెరువు వస్తాయి. ఈ చెరువు కథ ఇక్కడ చెబితే సగమే అవుతుంది. మిగతా సగం శ్రీరంగపట్నంలో ఉంది. అక్కడికి పోయాక చెబుతాను.

శంషాబాద్ దాటి కొత్తూరు దగ్గర రోడ్డు దిగితే ఇన్ముల్‌నర్వలో జహంగీర్ పీర్ల దర్గా ఉంది. జనం జేపీ దర్గా అంటారు. గురువారం, ఆదివారం వెళ్లి చూడాలి. ట్రాక్టర్లలో, ఆటోల్లో కుటుంబాలకు కుటుంబాలు దిగుతుంటాయి. మేకను మొక్కుకున్న వాళ్లలో హిందువులు బోలెడుమంది. హలాల్ చేయించి, ఫాతెహా ఇప్పించి, చెట్ల కింద పొయ్యి పెట్టి వండుకుని, చుట్టపక్కాలతో తిని పోతారు. దీన్ని కందూరు అంటారు. తెలంగాణ పల్లెల్లో కందూరు చేయని కులం ఉందా అని అడిగితే చెప్పడం కష్టం. ఏ నవాబు ఫర్మానా వల్లా ఇది పుట్టలేదు. బిడ్డకు జ్వరం తగ్గాలనీ, వాన పడాలనీ మొక్కుకున్న మనుషుల వల్ల పుట్టింది. చరిత్ర పుస్తకంలో దీనికి ఒక్క పేరా కూడా దొరకదు.

ఇంకా ముందుకు పోతే జడ్చర్ల. అక్కడ కుడిపక్కకు తిరిగితే మహబూబ్‌నగర్. పాలమూరు అసలు పేరు. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టారు. ఊరికి పాలకుడి పేరైతే దొరికింది గానీ పొలానికి నీళ్లు దొరకలేదు. ఈ జిల్లా నుంచే మట్టి పనికి, ఆనకట్టల పనికి కూలీలు దేశమంతా పోయారు. పాలమూరు లేబర్ అంటే తెలియని కాంట్రాక్టరు లేడు. ఆ తట్టలు మోసిన వాళ్లలో మాదిగ, ముదిరాజ్, లంబాడాలతో పాటు సాయిబులూ ఉన్నారు. నిజాం మా వాడైతే మా తట్ట ఎందుకు దిగలేదు? ఈ ప్రశ్న మమ్మల్ని వేలెత్తి చూపేవాళ్లు ఒకసారి వేసుకోవాలి. నిజాం పేరు చెప్పుకుని మీసం దువ్వే మా వాళ్లు కూడా వేసుకోవాలి.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, కర్నూలుకు ముందే చౌరస్తాలో ఎడమకు తిరిగితే అలంపురం. తుంగభద్ర ఒడ్డున బాదామీ చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు. అవి పదమూడు వందల ఏళ్ల నాటివి. వాటిని ఆనుకునే షా అలీ పహిల్వాన్ దర్గా. గుడికొచ్చినవాళ్లు దర్గాలో చక్కెర చదివించి పోవడం మా కళ్లతో చూశాం. ఇక్కడి పాత జోగులాంబ గుడి పద్నాలుగో శతాబ్దంలో బహమనీల దాడిలో కూలిందని స్థానికంగా చెబుతారు. కొత్త గుడి 2005లో కట్టారు. ఈ మాట దాటేసి పోవాల్సిన పని నాకు లేదు. రాజులు యుద్ధాల్లో గుళ్లు కూల్చారు, కొల్లగొట్టారు. సుల్తానులు చేశారు, మరాఠా దండులూ చేశాయి. కూలిన గుడి కోసం బాధపడే హక్కు నాకూ ఉంది. ఎందుకంటే ఆ ఊరు నాది కూడా. ఆ బాధను పక్కనున్న మనిషి మీద పగగా మార్చే పని మాత్రం బహమనీలు చేసింది కాదు, ఈ కాలపు వాళ్లు చేస్తున్నది.

తుంగభద్ర దాటితే కర్నూలు. హంద్రీ ఒడ్డున బీజాపూర్ తరఫున పాలించిన అబ్దుల్ వహాబ్ సమాధి, ఊరి నడుమ కొండారెడ్డి బురుజు. ఈ ఊరి ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్. 1839లో ఆయన కోటలో ఫిరంగులు, మందుగుండు పోగుచేసి కుట్ర పన్నాడని కంపెనీ దండెత్తి వచ్చింది. ఊరిబయట జరిగిన పోరులో నవాబు దొరికిపోయాడు. తిరుచిరాపల్లికి పంపారు. మరుసటి ఏడాది అక్కడే హత్యకు గురయ్యాడు. ఇది 1857కు పద్దెనిమిదేళ్ల ముందటి సంగతి. పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు ఇవ్వాళ పిల్లలకు తెలుసు, తెలియాలి కూడా. 1847లో ఆయన్ని కోయిలకుంట్లలో ఉరి తీశారు. అదే కర్నూలు సీమలో ఎనిమిదేళ్ల ముందు రాజ్యం పోగొట్టుకున్న నవాబు పేరు కర్నూలు కాలేజీ పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఆయన్ని వీరుణ్ని చేయమని నేనడగడం లేదు. లెక్కలో రాయమంటున్నాను.

కర్నూలు దాటాక రోడ్డు రాతి కొండల మధ్యకు పోతుంది. డోన్, ఆ తర్వాత గుత్తి. దూరం నుంచే కొండ మీద కోట గోడలు కనబడతాయి. ఈ కోట మరాఠా సర్దారు మురారిరావు చేతిలో ఉండేది. హైదర్ అలీ నెలల తరబడి ముట్టడించి 1776లో పట్టుకున్నాడు. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన థామస్ మన్రోను మొదట పాతిపెట్టింది కూడా గుత్తిలోనే. ఒకే కొండ మీద మరాఠాలు, మైసూరు వాళ్లు, నిజాం మనుషులు, ఇంగ్లీషు వాళ్లు వంతులవారీగా జెండాలు ఎగరేశారు.

ఈ చేతులు మారడమే ఈ రోడ్డు చెప్పే అసలు పాఠం. కాస్త నెమ్మదిగా చెబుతాను. ఇప్పటి అనంతపురం, కడప ప్రాంతాలు చాలాభాగం హైదర్, టిప్పుల ఏలుబడిలోకి వచ్చాయి. 1786లో టిప్పు ఆదోని మీద పడ్డాడు. అప్పుడది నిజాం తమ్ముడి కుటుంబం చేతిలో ఉంది. 1792లో కంపెనీ, మరాఠాలు, నిజాం ముగ్గురూ ఒక్కటై టిప్పును ఓడించి అతని రాజ్యంలో సగం పంచుకున్నారు. 1798లో నిజాం అలీఖాన్ కంపెనీతో సైన్య సహకార ఒప్పందం రాసుకున్నాడు. 1799లో మళ్లీ కలిసి వెళ్లి టిప్పును చంపారు, మిగిలిన రాజ్యంలో నిజాంకు మరో ముక్క వచ్చింది. 1800లో ఆ వచ్చిన ముక్కలన్నీ నిజాం తిరిగి కంపెనీకే ఇచ్చేశాడు. ఎందుకు? తన దగ్గర మకాం వేసిన కంపెనీ సైన్యానికి జీతాల కింద! ఇట్లా ఇచ్చేసినందుకే ఆ జిల్లాలకు దత్త మండలాలని పేరు పడింది. ఆ పేరు అవమానంగా తోచి 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని మార్చుకున్నారు.

ఒక ముస్లిం పాలకుడి నేలను మరో ముస్లిం పాలకుడు తెల్లవాళ్ల తుపాకులతో గెలిచి, ఆ తుపాకులకే కిరాయిగా చెల్లించాడు. మరి ఇందులో "ముస్లిం పాలన" ఎక్కడుంది? ముస్లింలంతా ఒక్కటై హిందువులను ఏలారన్న కథ ఎక్కడ నిలబడుతుంది? టిప్పు దివాను పూర్ణయ్య బ్రాహ్మణుడు. టిప్పు మీదికి పోయిన నిజాం దండుకు పెద్ద మీర్ ఆలం. రాజులకు మతం పూజ వేళ గుర్తుంటుంది, రాజ్యం వేళ గుర్తుండదు. ఇంతకన్నా ముందుకాలం చూసినా ఇదే. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా యువరాజుగా ఉన్నప్పుడు ప్రాణభయంతో పారిపోయి ఏడేళ్లు తలదాచుకున్నది విజయనగరంలో, అళియ రామరాయల నీడలో. 1565లో అదే రామరాయల మీద దండెత్తిన సుల్తానుల్లో ఒకడూ ఆయనే. తెలుగు కవులకు మల్కిభరాముడూ ఆయనే. అద్దంకి గంగాధర కవి కావ్యం అంకితం పుచ్చుకున్నదీ ఆయనే. ఒక మనిషిలోనే ఇన్ని ఉంటే, ఒక మతాన్నంతా ఒక్క మాటలో ఎట్లా తేల్చేస్తారు?

దారిలో ఒక కోట చూస్తున్నప్పుడు అక్కడ తిరిగే ఒకాయన మా వెంటపడి వివరాలు చెప్పాడు. మా పేర్లు అడగలేదు. విరిగిన ప్రతి రాయీ చూపించి "ఇది తురకోళ్ల పని సార్" అన్నాడు. గేటు దగ్గరి బోర్డు మీద మాత్రం ఆ కోటను ఎంతమంది పట్టుకున్నారో, ఎవరెవరు ఫిరంగులు పేల్చారో వరసగా రాసుంది. ఆయన మంచి మనిషే. మా ఆవిడకు ఎండ తగులుతుందని నీడలో నిలబెట్టి మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఆయనకెవరో అట్లా చెప్పారు, ఆయన మాకు చెప్పాడు. కారెక్కాక చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. చివరికి చెల్లెలి కూతురు అడిగింది. "మామూ, కాలేజీలో నన్ను మీ టిప్పు, మీ టిప్పు అంటారు. టిప్పు నిజంగా మనవాడేనా?"

జవాబు వెంటనే చెప్పలేదు. ముందు పెనుకొండ చూద్దామన్నాను.

అనంతపురం దాటాక పెనుకొండ. పక్కనే 2019లో కార్ల ఉత్పత్తి మొదలైన కియా ఫ్యాక్టరీ, పైన విజయనగర రాజుల కొండ. 1565 తర్వాత రాజధాని ఇక్కడికే వచ్చింది. ఊళ్లో రాముడి గుడి, శివుడి గుడి పక్కపక్కన, పార్శ్వనాథుడి జైనాలయం, షేర్ ఖాన్ మసీదు. వీటన్నిటికన్నా జనం ఎక్కువ వచ్చేది బాబయ్య దర్గాకు. బాబా ఫక్రుద్దీన్ అసలు పేరు. రాజ్యం వదిలేసి ఫకీరై వచ్చాడంటారు. తిరుచిరాపల్లిలో నత్తర్ వలీ అనే గురువు ఆయన చేతికొక పుల్ల ఇచ్చి, ఇదెక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నాడట. ఊరూరా నాటుకుంటూ వస్తే పెనుకొండలో చిగురించిందట. ఆ కథ నిజమా కాదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఇక్కడి జనం ఫక్రుద్దీన్‌ను బాబయ్యను చేసుకున్నారు. బాబయ్య, బాబమ్మ అని పిల్లలకు పేర్లు పెట్టుకున్నారు. ఇది నిజం.

ఈ దర్గాకు వచ్చేవాళ్లలో దూదేకులవాళ్లు చాలామంది. వాళ్ల ఇంటి భాష తెలుగు. విల్లుతో దూది ఏకి, పరుపులు, బొంతలు కుట్టి ఊరందరినీ వెచ్చగా పడుకోబెట్టిన కులం. మిల్లులొచ్చాక విల్లు మూలన పడింది. ఆంధ్రలో గుళ్లముందు నాదస్వరం ఊదే కుటుంబాల్లో వీళ్లెంతోమంది. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా చివరికి శ్రీరంగంలోనే స్థిరపడి రంగనాథుడి సన్నిధిలో నాదస్వరం వాయించాడు. మరి వీళ్లు ఏ సుల్తాను వెంట వచ్చారు? ఏ కోట కూల్చారు? అరబ్బు దేశం నుంచి గుర్రమెక్కి వచ్చిన కథ వీళ్లకు అతకదు. మా వాళ్లలో షరీఫులమని చెప్పుకునేవాళ్లు వీళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడతారు. బయటివాళ్లు వీళ్లను కూడా బయటివాళ్లనే అంటారు. మా ఇంట్లో మెట్లు, ఊళ్లో గోడలు. రెండూ చెప్పుకోవాల్సిందే.

కర్ణాటకలోకి వెళ్లాక, బెంగుళూరు ఇంకా 40 కిలోమీటర్లుండగా దేవనహళ్లి. టిప్పు పుట్టింది ఇక్కడే. ఆ పేరు ఆర్కాటులోని టిప్పు మస్తాన్ అనే ఔలియా దర్గాలో మొక్కుకుంటే పెట్టింది. అంటే సుల్తానుకు పేరిచ్చింది కూడా ఒక ఫకీరే. బెంగుళూరు దాటి మైసూరు వైపు పోతే శ్రీరంగపట్నం. 2023లో ప్రారంభమైన కొత్త రోడ్డు ఊరి పక్కనుంచి పోతుంది, దిగి లోపలికి వెళ్లాలి. లోపల ఒకపక్క రంగనాథస్వామి గుడి, కొంచెం దూరంలో టిప్పు కట్టించిన జామా మసీదు, ఇంకొంచెం అవతల తల్లిదండ్రుల పక్కన టిప్పు పడుకున్న గుంబజ్. 1799 మే 4న ఈ కోట గోడ దగ్గరే చనిపోయాడు.

మీర్ ఆలం చెరువు మిగతా సగం కథ ఇదే. ఈ కోట పడ్డాక దోపిడీ సొమ్ము పంచుకున్నారు. నిజాం దండుకు పెద్దగా వచ్చిన మీర్ ఆలం తన వంతుకొచ్చిన సొమ్ముతో హైదరాబాద్‌లో చెరువు కట్టించాడని చెబుతారు. 21 కమానులతో ఆ కట్ట ఇప్పటికీ ఉంది. హైదరాబాద్ జనం ఎన్నో ఏళ్లు ఆ నీళ్లే తాగారు. టిప్పు కోసం కన్నీళ్లు పెట్టుకునే మా పాతబస్తీ మిత్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. మైసూరు దోపిడీ మా దాహం తీర్చింది. ఇద్దరూ కలిమా చదివినవాళ్లే.

గుంబజ్ ముందు కూర్చుని పిల్లకు జవాబు చెప్పాను. టిప్పు కంపెనీకి లొంగకుండా పోరాడి చచ్చాడు, అది గొప్ప. 1791లో మరాఠా దండులోని దోపిడీ మూకలు శృంగేరి మఠాన్ని కొల్లగొడితే, జగద్గురువుకు కన్నడంలో ఉత్తరాలు రాసి, అమ్మవారిని తిరిగి ప్రతిష్ఠించడానికి సాయం పంపాడు. ఆ ఉత్తరాలు 1916లో మైసూరు పురావస్తు శాఖాధికారి నరసింహాచార్ మఠంలోనే కనుగొన్నాడు. అదే టిప్పు కొడగులో, మలబారులో జనాన్ని చెరబట్టాడు, బలవంతంగా మతం మార్పించాడు. 1784లో మంగుళూరు క్రైస్తవులను వేలమందిని ఈ ఊరికే నడిపించుకొచ్చి చెరలో పెట్టాడు. మొదటిదే చెప్పి రెండోది దాచినా, రెండోదే చెప్పి మొదటిది దాచినా అది చరిత్ర కాదు. ఓట్ల కోసం చేసే ఊరేగింపు. 2015లో కర్ణాటక ప్రభుత్వం టిప్పు జయంతి మొదలుపెట్టింది. కొడగులో గొడవలై ప్రాణాలు పోయాయి. 2019లో మరో ప్రభుత్వం రద్దు చేసింది. 2022లో బెంగుళూరు - మైసూరు టిప్పు ఎక్స్‌ప్రెస్ పేరు తీసి వొడయార్ ఎక్స్‌ప్రెస్ అని పెట్టారు. జయంతి చేసినప్పుడు మా పిల్లలకు ఉద్యోగాలు రాలేదు. రైలు పేరు తీసినప్పుడు మాత్రం మా పిల్లలు తలదించుకోవాల్సి వచ్చింది.

"అయితే మనవాడా కాదా?" అని మళ్లీ అడిగింది. మైసూరు వాళ్లందరివాడు, మంచికీ చెడుకీ కూడా అన్నాను. నీకొక్కదానికే అతన్ని అంటగట్టడానికి ఎవరికీ హక్కు లేదన్నాను. అతని సొంత వారసుల సంగతి చూడు. వాళ్లను మొదట వెల్లూరులో ఉంచారు. 1806లో అక్కడ సిపాయిలు తిరగబడ్డాక కలకత్తాకు తరలించారు. ఆ వంశంలో కొందరు కలకత్తా వీధుల్లో రిక్షా లాగి బతికారని పత్రికలు రాశాయి. సుల్తాను రక్తమే రిక్షా తొక్కుతుంటే, సుల్తాను ముఖం కూడా చూడని మా తాతలకు ఏం వారసత్వం ఉంటుంది?

తిరుగు ప్రయాణంలో మా చూపు మారింది. కోటలకన్నా రోడ్డు పక్క రేకుల షెడ్లు ఎక్కువ కనబడ్డాయి. పంక్చర్ షాపు, రేడియేటర్ రిపేరు, వెల్డింగు, లారీ బాడీ పని, టార్పాలిన్ కుట్టే మిషను, సీట్ల దుకాణం, దమ్ బిర్యానీ బండి. బోర్డుల మీద మా పేర్లు. ముస్లింను వెక్కిరించాలంటే ఇవ్వాళ పంక్చరోడు అంటున్నారు. ఇందులో సిగ్గుపడాల్సిందేముంది? అర్ధరాత్రి టైరు పేలితే ఏ మతం లారీ అయినా ఆగేది ఆ దీపం దగ్గరే. సిగ్గుపడాల్సింది తాతా, తండ్రీ, కొడుకూ మూడు తరాలు అదే షెడ్డులో ఉండిపోయేట్టు చేసిన చదువులూ, బ్యాంకులూ, సర్కార్లూ. 2006లో సచార్ కమిటీ చెప్పింది కూడా ఈ వెనకబాటు గురించే. నవాబుల పిల్లలమైతే ఇట్లా ఎందుకుంటాం అని ఆ ఒక్క నివేదిక చూపించి అడగొచ్చు.

కాబట్టి మా చరిత్ర మేమే రాసుకోవాలి. అది కోటల నుంచి మొదలుపెట్టొద్దు. కొత్తూరులో కందూరు వండే ముసలమ్మ నుంచి, అలంపురం ముజావరు నుంచి, పెనుకొండలో మూలనపడ్డ దూదేకుల విల్లు నుంచి, పాలమూరు తట్ట నుంచి, గుత్తి దగ్గర లారీ కింద పడుకుని బోల్టు బిగించే కుర్రాడి నుంచి మొదలుపెట్టాలి. ప్రతి ఊళ్లో ఖబరస్తాన్‌లో రాళ్ల మీద పేర్లు ఎక్కించుకోవాలి. దర్గా ఇనాం కాగితాలు ఎవరి పెట్టెలో ఉన్నాయో వెతకాలి. ముసలివాళ్లను కూర్చోబెట్టి, ఏ పని చేశారు, ఏ కరువులో ఏ ఊరికి వలస పోయారు, పక్కింటివాళ్లతో ఏం పంచుకున్నారు, ఎప్పుడు భయపడ్డారు అని అడిగి రాసుకోవాలి. ఇది ముస్లింలు ఒక్కరే చేసే పని కూడా కాదు. కందూరు తిన్న ప్రతి ఇంటికీ ఇందులో సాక్ష్యం చెప్పే బాధ్యత ఉంది.

మా చెల్లెలి కూతురు ఆ పని మొదలుపెట్టింది. వాళ్ల దాదీని అడిగి నాలుగు తరాల పేర్లు, పనులు నోటుబుక్కులో రాసుకుంది. ఒక చేనేత కార్మికుడు, ఒక జట్కా తోలేవాడు, ఇద్దరు బీడీలు చుట్టినవాళ్లు. నవాబు ఒక్కడూ లేడు.